ట్రాలీ మోసేదెంత? ట్రాక్టరు ఆపగలిగేదెంత?
- లాగే శక్తి వేరు, మోసే హద్దు వేరు
- ఆర్‌సీలోని అంకెలపై కొరవడిన అవగాహన
- అధిక లోడుతో ప్రాణాలకూ, ఆస్తికీ ముప్పు

అనంతపురం: ‘యాభై గుర్రాల ఇంజిన్... ఎంత వేసినా లాగేస్తుంది’. జిల్లాలో ట్రాక్టరున్న ఏ పల్లెకు వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. ఇంజిన్ లాగుతుంది. అయితే లాగిన బరువును వాలులో నిలువరించగలదా, మలుపులో అదుపు చేయగలదా, అడ్డొచ్చిన మేకపిల్లను చూసి ఆపగలదా అన్న ప్రశ్నలకు గుర్రపు శక్తి సమాధానం చెప్పదు. ఆ సమాధానం రిజిస్ట్రేషన్ పత్రంలో (ఆర్‌సీ) రెండు మూడు అంకెల రూపంలో ఉంటుంది. బండి కొన్ననాడు బీరువాలో పెట్టిన ఆ పత్రాన్ని చాలామంది ప్రమాదం జరిగాకే బయటకు తీస్తున్నారు.

కరవు సీమలో ట్రాక్టరు కేవలం దుక్కికి పరిమితమైన యంత్రం కాదు. దేశంలో అతి తక్కువ వర్షపాతం నమోదయ్యే జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఏడాదికి సగటున కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లే. వాన లేనప్పుడు దుక్కి పనులుండవు. అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. దాంతో అదే ట్రాక్టరు వేసవిలో నీళ్ల ట్యాంకరును లాగుతుంది. ఎండిపోతున్న చీనీ తోటలకు తడి అందిస్తుంది. తాడిపత్రి వైపు బండలు, ఏటి గట్టున ఇసుక, ఊళ్లో ఇటుక, పశువులకు మేత మోస్తుంది. కూలీలను పొలాలకు చేర్చేదీ అదే. ఇన్ని పనులు చేసే బండికి ఎంత బరువు తగునో తెలియకపోవడమే చిక్కులకు మూలం.

అంకెలు చెప్పే సంగతి

వాహనం బరువుకు సంబంధించి ముందుగా తెలుసుకోవాల్సినవి మూడు మాటలు. మొదటిది ఖాళీ బరువు. సరకు లేకుండా బండి తూగే బరువు ఇది. రెండోది స్థూల బరువు. బండి, సరకు కలిపి రోడ్డుపై ఉండదగిన గరిష్ఠ బరువు. మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం రిజిస్ట్రేషన్ అధికారి ధ్రువీకరించి ఆర్‌సీలో నమోదు చేసిన బరువే స్థూల బరువు. మూడోది మోయదగిన సరకు బరువు. ఇది ఆర్‌సీలో విడిగా లేకున్నా తెలుసుకోవడం తేలికే. స్థూల బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే మిగిలేదే అది.

ట్రాక్టరు విషయంలో మరో మెలిక ఉంది. చట్టం దృష్టిలో ట్రాక్టరు తనంతట తాను సరకు మోసే వాహనం కాదు. లాగే వాహనం మాత్రమే. సరకు మోసేది ట్రాలీ. అందుకే ఇంజినుకు ఒక రిజిస్ట్రేషను, ట్రాలీకి మరో రిజిస్ట్రేషను ఉండాలి. ట్రాలీని లాగుతున్నప్పుడు దాని వెనుక లాగే బండి నంబరు కూడా కనిపించాలని చట్టంలోని 61వ సెక్షన్ చెబుతోంది. పల్లెల్లో స్థానిక వర్క్‌షాపుల్లో చేయించుకున్న ట్రాలీలు రిజిస్ట్రేషన్ లేకుండానే తిరుగుతుండటం తెలిసిందే. రిజిస్ట్రేషన్ లేని ట్రాలీకి స్థూల బరువంటూ ఉండదు. అంటే దానిపై ఎంత వేసినా అనుమతి లేని బరువే అవుతుంది.

పెద్ద లారీల్లో లెక్క మరో తీరుగా ఉంటుంది. ట్రాలీ తన బరువంతా తన చక్రాలపైనే మోసుకుంటే దాన్ని ట్రైలర్ అంటారు. ముందు భాగం లాగే బండిపై ఆనుకుని, కొంత బరువును దానిపై మోపితే సెమీ ట్రైలర్ అంటారు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి కియా కర్మాగారం నుంచి కార్లు తీసుకెళ్లే పొడవాటి బండ్లు, గాలిమరల రెక్కలను కొండలపైకి చేర్చే బండ్లు ఈ కోవలోవే. వీటికి లాగే బండి, ట్రైలర్, సరకు మొత్తం కలిపిన సంయుక్త బరువుకు పరిమితి ఉంటుంది. 2018లో కేంద్రం చేసిన సవరణతో ఈ గరిష్ఠ పరిమితి 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెరిగింది.

ఇరుసుకూ ఉంది హద్దు

మొత్తం బరువు హద్దులో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఒక్కో ఇరుసు మోసే బరువుకూ పరిమితి ఉంది. 2018 జులైలో వెలువడిన నోటిఫికేషన్ ప్రకారం ఇరుసు పరిమితులు పెరిగాయి. నాలుగు టైర్లున్న ఇరుసు పరిమితి 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు చేరింది. ఆ మేరకు రెండు ఇరుసుల లారీ స్థూల బరువు 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు, మూడు ఇరుసుల లారీది 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు చేరాయి. అయితే పరిమితి పెరిగిందన్న మాట విని పాత బండిపై అదనంగా వేసుకోవడం తగదు. సదరు బండి ఆర్‌సీలో ఏ అంకె ఉందో అదే ప్రమాణం.

ఇరుసు బరువుకు ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది రోడ్లను చూస్తే తెలుస్తుంది. అమెరికాలోని ఇల్లినాయీ రాష్ట్రంలో 1958 నుంచి 1960 వరకు జరిగిన భారీ రోడ్డు పరీక్షల్లో ఓ సూత్రం తేలింది. ఇరుసుపై బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. 20 శాతం అదనంగా వేస్తే నష్టం రెండింతలకు పైమాటే. 2000వ దశకంలో ఓబుళాపురం, బళ్లారి ప్రాంతాల నుంచి ఇనుప ఖనిజం లారీలు బారులు తీరిన రోజుల్లో ఆ దారులు ఎలా ఛిద్రమయ్యాయో సరిహద్దు పల్లెల వారికి ఇంకా గుర్తే. ఆ లారీల అధిక లోడు వ్యవహారం కర్ణాటక లోకాయుక్త 2011 నివేదికలోనూ చోటుచేసుకుంది.

కంటికి కనిపించని బరువు

ట్రాలీ నిండిందా లేదా అన్నదే చాలామందికి కొలత. అసలు పొరపాటు ఇక్కడే. కంటికి కనిపించే పరిమాణం వేరు, కాటాకు తెలిసే బరువు వేరు. ఉదాహరణకు ఓ ట్రాలీ ఖాళీ బరువు 1,500 కిలోలు, ఆర్‌సీలో స్థూల బరువు 6,000 కిలోలు అనుకుందాం. దానిపై వేయదగినది 4,500 కిలోలు. ట్రాలీ అడుగు భాగం 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం.

బండలు: ఘనమీటరు రాయి దాదాపు 2.7 టన్నులు తూగుతుంది. బండలను సందు లేకుండా పేరిస్తే అడుగు ఎత్తుకే 4,500 కిలోలు దాదాపు నిండిపోతాయి. చూసేవారికి ట్రాలీ ఇంకా ఖాళీ ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇసుక: పొడి ఇసుక ఘనమీటరుకు సుమారు 1.6 టన్నులు. దాదాపు 20 అంగుళాల ఎత్తుకు హద్దు ముగుస్తుంది. ఏటిలోంచి అప్పుడే తీసిన తడి ఇసుకైతే 17 అంగుళాలకే సరి. ట్రాలీ అదే, ఎత్తు అదే అయినా తడి ఇసుక మోసిన రోజు బండి ఎక్కువ బరువు లాగుతోందన్నమాట.

వేరుసెనగ: కాయల బస్తా 40 కిలోలనుకుంటే 112 బస్తాలు. నూటయాభై వేస్తే ఒకటిన్నర టన్నులు అదనం.

మేత: వేరుసెనగ కట్టె, వరిగడ్డి మనిషి ఎత్తుకు మించి వేసినా బరువు హద్దు దాటకపోవచ్చు. కానీ బరువంతా పైన ఉండటంతో మలుపులో బోల్తా కొట్టే ప్రమాదం ఎక్కువ. పక్కలకు పొడుచుకొచ్చిన మేత ఎదురొచ్చే ద్విచక్ర వాహనదారులకు యమపాశమే.

నీళ్లు: లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది. కాబట్టి లెక్క అతి సులువు. 5,000 లీటర్ల ట్యాంకరులో నీరే 5 టన్నులు. ట్యాంకరు ఇనుము, చక్రాల బరువు 1,300 కిలోలుంటే మొత్తం 6,300 కిలోలు. దాని స్థూల బరువు 6,000గా ఉంటే నిండుగా నింపిన ప్రతిసారీ 300 కిలోలు అదనమే. ఇలాంటప్పుడు 4,700 లీటర్ల దగ్గర గుర్తు పెట్టుకోవాలి.

నీటితో మరో ముప్పూ ఉంది. బస్తాలు కదలవు, నీరు కదులుతుంది. సగం నిండిన ట్యాంకరులో బ్రేకు వేయగానే నీరంతా ముందుకు, మలుపు తిప్పగానే పక్కకు ఉరుకుతుంది. బండి ఆగినా నీరు ఆగదు. ట్యాంకరు లోపల అడ్డు పలకలు ఉంటే ఈ ఊపు తగ్గుతుంది. కొత్తగా ట్యాంకరు చేయించుకునేవారు వీటిని తప్పక పెట్టించుకోవాలి.

బ్రేకులు ఇంజినువే... బరువు మాత్రం ట్రాలీది

వ్యవసాయ ట్రాలీల్లో అత్యధిక శాతానికి సొంత బ్రేకులు ఉండవు. మొత్తం బండిని ఆపాల్సిన భారం ట్రాక్టరు వెనుక చక్రాలదే. రెండు టన్నుల ట్రాక్టరుకు ఆరు టన్నుల ట్రాలీ తగిలిస్తే ఆపాల్సిన బరువు నాలుగు రెట్లవుతుంది. కొక్కెం ద్వారా కొంత బరువు వెనుక చక్రాలపై పడి పట్టు కాస్త పెరిగినా, బండి ఆగే దూరం స్థూలంగా మూడు రెట్లవుతుంది. ఒంటరి ట్రాక్టరు 16 మీటర్లలో ఆగే వేగంలో ట్రాలీతో కలిపి ఆగడానికి దాదాపు 50 మీటర్లు కావాలి.

వాలులో పరిస్థితి మరింత విషమం. ఇరవై అడుగులకు ఒక అడుగు దిగే వాలులో 8 టన్నుల బండిని 400 కిలోల బలం నిరంతరం కిందికి తోస్తూ ఉంటుంది. ఆ సమయంలో డీజిల్ ఆదా అవుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలేయడం కొందరికి అలవాటు. అప్పుడు ఇంజిన్ నిలువరించే శక్తి పూర్తిగా పోయి భారమంతా బ్రేకులపైనే పడుతుంది. వేడెక్కిన బ్రేకులు పట్టు కోల్పోతే వెనుకనున్న ట్రాలీ ఇంజినును పక్కకు తోసి కత్తెరలా ముడుచుకుంటుంది. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలన్నది పాతతరం డ్రైవర్లు చెప్పే మాట. అందులో శాస్త్రం ఉంది.

ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో సాలు చివర మలుపు తిప్పడానికి ఇవి అనుకూలం. రోడ్డెక్కే ముందు మాత్రం రెండింటినీ కొక్కేంతో కలపాలి. అలా కలపకుండా ఒక పెడలే తొక్కితే ఒకవైపు చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది. ఖరీదు లేని ఈ చిన్న పని చేయకపోవడం వల్ల ప్రాణాల మీదికి వస్తుంది.

ముందు చక్రాలు తేలితే

రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత కొక్కెంపై మోపుతుంది. ఆ భారం మితంగా ఉంటే వెనుక చక్రాలకు పట్టు దొరుకుతుంది. మితిమీరితే ట్రాక్టరు ముందు భాగం పైకి లేస్తుంది. స్టీరింగు మాట వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం ఐదో వంతైనా ముందు చక్రాలపై ఉండాలన్నది సాధారణ సూత్రం. చెరువు కట్ట ఎక్కేటప్పుడు, ఏటి గట్టు నుంచి పైకి వచ్చేటప్పుడు ఈ హద్దు దాటితే ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరుపైనే పడుతుంది.

దీనికి విరుద్ధంగా బరువంతా ట్రాలీ వెనుక భాగంలో వేస్తే కొక్కెం పైకి లేస్తుంది. వెనుక చక్రాల పట్టు సడలి, ట్రాలీ పాములా ఊగడం మొదలవుతుంది. అందుకే రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కొద్దిగా ముందుండేలా సర్దాలి. నాలుగు చక్రాల ట్రాలీ తన బరువు తానే మోసుకుంటుంది కాబట్టి కొక్కెంపై భారం దాదాపు ఉండదు. ముందు భాగం తేలే భయం తక్కువ. కానీ బ్రేకుల సమస్య అలాగే ఉంటుంది.

ఈ విషయాల్లో శిక్షణ కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఆధ్వర్యంలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ జిల్లాలోని గార్లదిన్నెలోనే ఉంది. ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాల వాడకం, నిర్వహణపై రైతులకు, యువతకు అక్కడ శిక్షణ ఇస్తారు.

జరిమానాలు భారమే

స్థూల బరువుకు మించి బండి నడపడాన్నీ, నడపనివ్వడాన్నీ చట్టంలోని 113వ సెక్షన్ నిషేధిస్తోంది. డ్రైవరు యజమాని కాకపోయినా, యజమానికి తెలిసే జరిగిందని న్యాయస్థానం భావించవచ్చు. ‘డ్రైవరు వేసుకున్నాడు, నాకు తెలియదు’ అన్న మాట చెల్లదు. అనుమానం వస్తే బండిని కాటాకు తీసుకెళ్లమనే అధికారం 114వ సెక్షన్ కింద తనిఖీ అధికారులకు ఉంది. ముందున్న దారిలో 10 కిలోమీటర్లలోపు, లేదా గమ్యానికి 20 కిలోమీటర్లలోపు కాటా ఉంటే వెళ్లాల్సిందే.

గతంలో అధిక లోడుకు రూ.2 వేలు, అదనపు టన్నుకు రూ.వెయ్యి చొప్పున జరిమానా ఉండేది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో అది రూ.20 వేలు, అదనపు టన్నుకు రూ.2 వేలకు పెరిగింది. అంటే 2 టన్నులు అదనంగా ఉంటే గతంలో రూ.4 వేలతో పోయేది, చట్టం ప్రకారం ఇప్పుడు రూ.24 వేలు. అదనపు సరకు దించే ఖర్చు దీనికి అదనం. తూకానికి నిరాకరించినా, తూకానికి ముందే సరకు దించేసినా రూ.40 వేలు. జరిమానా కట్టి అదే లోడుతో సాగిపోవడమూ కుదరదు. అదనపు సరకు దించాకే బండి కదలాలని సుప్రీంకోర్టు 2005 నవంబరులోనే పరమ్‌జిత్ భాసిన్ కేసులో స్పష్టం చేసింది.

సొంత పంట మార్కెట్‌కు తెచ్చుకునే ట్రాక్టరు వేరు, కిరాయికి బండలు, ఇసుక మోసే ట్రాక్టరు వేరు. ట్రాక్టరు, ట్రాలీ కలిసి సరకు మోస్తే అది సరకు రవాణా వాహనమేనని 2005లో నట్వర్ పారిఖ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కిరాయి పనులకు వాడేవారు పర్మిట్, పన్ను, ఫిట్‌నెస్ విషయాలను రవాణా శాఖ కార్యాలయంలో ముందే తెలుసుకోవడం మంచిది. లైసెన్సుపై ఉన్న సందేహాలకు మాత్రం తెరపడింది. తేలికపాటి వాహన లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపవచ్చని 2017లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న సమర్థించింది.

మనుషులు సరకు కారు

ట్రాలీ హద్దు గురించి ఎన్ని లెక్కలు చెప్పుకొన్నా, అందులో మనుషులను ఎక్కించడానికి మాత్రం ఏ లెక్కా లేదు. ట్రాలీ మనుషుల కోసం తయారైనది కాదు. పట్టుకోవడానికి ఆధారం ఉండదు. బోల్తా పడితే ఇనుప తొట్టి కిందే చిక్కుకుంటారు. తెలంగాణలో 2018 ఒక్క ఏడాదిలోనే జరిగిన రెండు ఘోరాలు ఇందుకు నిదర్శనం. ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల వద్ద మిర్చి కోతకు వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మహిళలు మరణించారు. జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మరో ట్రాక్టరు మూసీ కాలువలో బోల్తా పడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో అత్యధికులు పొలం పనులకు బయల్దేరిన మహిళలే.

ఇలాంటి ప్రమాదాల తర్వాత బీమా విషయంలో మరో దెబ్బ తగులుతుంది. సరకు రవాణా వాహనంలో ఉచితంగా ప్రయాణించేవారికి పరిహారం చెల్లించే బాధ్యత బీమా సంస్థపై ఉండదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో తేల్చింది. సరకుతోపాటు వచ్చే దాని యజమానికి లేదా ఆయన ప్రతినిధికి మాత్రమే చట్టం మినహాయింపు ఇచ్చింది. అంటే కూలీల కుటుంబాలు ఏళ్ల తరబడి పరిహారం కోసం తిరగాలి. ఆ భారం చివరికి యజమానిపై పడితే ట్రాక్టరుతోపాటు పొలమూ అమ్ముకోవాల్సి వస్తుంది. పాలసీ ఇంజినుకే ఉందా, ట్రాలీకీ వర్తిస్తుందా అన్నది ప్రీమియం కట్టేనాడే చూసుకోవాలి.

బయల్దేరే ముందు...

- ఇంజిన్, ట్రాలీ రెండింటి ఆర్‌సీలు చూసి స్థూల బరువు, ఖాళీ బరువు ట్రాలీ పక్కనే రంగుతో రాయించుకోవాలి. ఎవరు లోడు చేసినా హద్దు తెలుస్తుంది.
- కనీసం ఒక్కసారి ఖాళీ బండిని, మామూలుగా వేసే లోడుతో మరోసారి కాటాపై తూయించాలి. ట్రాలీకి అదనపు పలకలు, ఇనుప పట్టీలు వేయిస్తే ఖాళీ బరువు పెరుగుతుంది. ఆ మేరకు సరకు తగ్గించాలి.
- బండలు, ఇసుక, నీరు మోసేవారు ఎంత ఎత్తుకు హద్దు ముగుస్తుందో తొట్టి లోపల గీత గీసుకోవాలి.
- కొక్కెం పిన్ను అరిగిందేమో చూడాలి. పిన్నుకు క్లిప్పు, అదనంగా గొలుసు ఉండాలి.
- రెండు బ్రేకు పెడళ్లను కలిపాకే రోడ్డెక్కాలి. వాలులో న్యూట్రల్ వద్దు.
- ట్రాలీ వెనుక ఎర్రటి రిఫ్లెక్టర్లు తప్పనిసరి. రాత్రివేళ 44వ నంబరు జాతీయ రహదారిపై దీపాల్లేని ట్రాలీ వేగంగా వచ్చే వాహనాలకు కనిపించదు.
- ట్రాలీలో కూలీలను ఎక్కించకూడదు.

రెండు ట్రిప్పుల సరకును ఒకే ట్రిప్పులో వేస్తే మిగిలేది కొన్ని లీటర్ల డీజిల్. అరిగే టైర్లు, విరిగే ఇరుసు, చెల్లించే జరిమానా లెక్కేస్తే ఆ మిగులు నిలవదు. వాన రాని ఏడు ఇంటిని నిలబెట్టే ట్రాక్టరు అదే ఇంటికి అప్పు తెచ్చిపెట్టకుండా ఉండాలంటే, బీరువాలోని ఆర్‌సీని ఒక్కసారి బయటకు తీసి అందులోని అంకెలు చదువుకోవాలి.